నిఘంటువులో లేకపోతే తెలుగు మాట కాదా?

భాష మీద వాదన ఎక్కడ మొదలైనా కాసేపటికి నిఘంటువు బయటికి వస్తుంది. పత్రికలో కొత్త మాట కనిపించినా, ప్రభుత్వ ఉత్తర్వులో వింత అనువాదం వచ్చినా, సినిమా పేరు మీద గొడవ జరిగినా రెండు వాక్యాలు తప్పక వినిపిస్తాయి. "ఆ మాట నిఘంటువులోనే లేదు" అన్నది ఒకటి. "దాని అసలు అర్థం వేరు, నిఘంటువు చూసుకోండి" అన్నది రెండోది. నిఘంటువు ఒక్కటే ఉందని, అది భాషకు పైన ఎక్కడో కూర్చుని తీర్పులు చెబుతుందని ఈ రెండు వాక్యాలూ అనుకుంటాయి. నిజానికి తెలుగులో నిఘంటువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం, ఒక్కో రకం పట్టుదలతో తయారైంది. అది ఏ నిఘంటువు, ఎవరి కోసం రాశారు, వేటిని కావాలని వదిలేశారు అన్నది చెప్పకుండా "నిఘంటువు ప్రకారం" అంటే అది సగం మాటే అవుతుంది.

కంఠస్థం చేసే నిఘంటువు

నిఘంటువు అన్న పేరు మొదట వేదంలోని కఠిన పదాల పట్టికకు ఉండేది. యాస్కుడి నిరుక్తం ఆ పట్టిక మీద రాసిన వ్యాఖ్యానమే. తర్వాతి కాలంలో సంస్కృతం నేర్చుకునే పిల్లలంతా వల్లె వేసిన అమరకోశంలో అకారాది క్రమం ఉండదు. స్వర్గం, భూమి, పట్టణం, ఓషధులు, జంతువులు, మనుషులు అంటూ వర్గాలుగా సాగే శ్లోకాలవి. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి రాసిన ఆంధ్ర నామసంగ్రహం, అందులో మిగిలిపోయిన వాటిని చేర్చి ఆడిదము సూరకవి రాసిన ఆంధ్ర నామశేషం, కస్తూరి రంగకవి రాసిన సాంబ నిఘంటువు కూడా పద్యాల్లోనే ఉన్నాయి.

వీటిని తెరిచి వెతకడానికి రాయలేదు, నోటికి పట్టించుకోవడానికి రాశారు. కవికి ఒకే వస్తువుకు పది పేర్లు కావాలి. గణం కుదరాలి, యతి కలవాలి, ప్రాస చెడకూడదు. ఆ పది పేర్లలో సరిపోయినదాన్ని ఏరుకోవడానికి ఈ పద్యాలు సాయపడతాయి. నిప్పు అంటే ఏమిటో తెలియనివాడు ఉంటాడని వాటిని రాసినవారు ఊహించనే లేదు. తెలియని మాట తగిలినప్పుడు తెరిచి చూసుకునే పుస్తకం అన్న ఊహ తెలుగులో గట్టిపడింది 19వ శతాబ్దంలోనే. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను అకారాది క్రమంలో కూర్చాడు. 1821లో వచ్చిన కంపెనీ అధికారి క్యాంబెల్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువుకు అదే పునాది. కచేరీల్లో అర్జీలు చదవాల్సిన ఈస్టిండియా కంపెనీ అధికారులకు పద్యాలు వల్లె వేసే తీరిక ఎక్కడిది?

ఇక్కడ రెండు పారిభాషిక పదాలు చెప్పుకోవాలి. నిఘంటువులో అర్థం ఇవ్వడానికి ఎత్తుకున్న మాటను ఆరోపం అంటారు. ఆ మాటను ఎవరు, ఎక్కడ, ఎలా వాడారో చూపించే వాక్యాన్నో పద్యపాదాన్నో ప్రయోగం అంటారు. నిఘంటువుల మీద జరిగే వాదనలన్నీ చివరికి ఈ రెండింటి దగ్గరికే వస్తాయి: ఏది ఆరోపంగా నిలవాలి, ఎవరి నోటి మాట ప్రయోగంగా చెల్లాలి.

'రా' కోసం 'వ'లో వెతకాలి

ఒక మాట నిఘంటువులో లేదని చెప్పేవారిలో చాలామంది దాన్ని లేనిచోట వెతికి ఉంటారు. ఇది వాళ్ల తప్పు కాదు, తెలుగు తీరే అంత. మన భాషలో మాట ఒంటరిగా ఉండదు. "వెళ్లలేకపోయాను" అన్న ఒక్క పదంలో వెళ్లడం ఉంది, చేతకాకపోవడం ఉంది, జరిగిపోయిన కాలం ఉంది, 'నేను' కూడా ఉంది. ఇలాంటి రూపాలన్నీ ఆరోపాలైతే ఒక్క క్రియకే ఒక సంపుటం చాలదు. అందుకని నిఘంటుకారుడు ఒక రూపాన్ని మాత్రం ఎంచుకుని మిగిలినవన్నీ చదివేవాడికి వదిలేస్తాడు.

మన పాత నిఘంటువులు క్రియలకు ఎంచుకున్నది చేయు, వచ్చు, కొను అన్న రూపం. కాబట్టి "ఇటు రా" లోని 'రా' అర్థం కావాలంటే 'వచ్చు' దగ్గరికి వెళ్లాలి. 'కళ్లు' కోసం 'కన్ను', 'గోళ్లు' కోసం 'గోరు', 'ఇళ్లకు' కోసం 'ఇల్లు' చూడాలి. ఈ సంగతి తెలియాలంటే ముందే తెలుగు వచ్చి ఉండాలి. భాష నేర్చుకుంటున్నవాడికి నిఘంటువు కావాలి, నిఘంటువు వాడాలంటే భాష తెలిసి ఉండాలి. బయటి రాష్ట్రంలోనో విదేశంలోనో పెరిగి తెలుగు చదవడం మొదలుపెట్టిన పిల్లలు మొదట తట్టుకుని ఆగేది ఈ గడప దగ్గరే.

నామవాచకాలదీ ఇదే కథ. 1885 నాటి నిఘంటువు శబ్దరత్నాకరంలో 'పుస్తకం' అని వెతికితే దొరకదు. 'పుస్తకము' అని ఉంటుంది. అరసున్నలు, బండి ఱలు కూడా ఆ నిఘంటువులకు ముఖ్యమే. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం. రెండూ ఒకేలా పలికే, ఒకేలా రాసే మనకు ఆ తేడా పట్టదు. ఇక 'క్ష' ఉండనే ఉంది. వర్ణమాల పట్టికలో దాన్ని చివర చూడటం అలవాటైనవారు నిఘంటువు చివర పేజీలు తిరగేస్తారు. అది క, ష కలిసిన సంయుక్తాక్షరం కాబట్టి 'క్షమ' క అక్షరం కిందే ఉంటుంది.

ఎవరి మాటలు లోపలికి వచ్చాయి

వెతకాల్సిన చోటే వెతికినా దొరకని మాటలు ఉంటాయి. అసలు వివాదం అక్కడ మొదలవుతుంది.

కంపెనీ అధికారి సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు, ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు రెండూ 1852లో అచ్చయ్యాయి. ఆయన కవుల గ్రంథాలు వెతికించి ప్రతులు రాయించినవాడే అయినా, నిఘంటువులో మాత్రం బజారు మాటకూ కచేరీ మాటకూ వేమన పద్యానికీ చోటిచ్చాడు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల కోసం 1854లో విడిగా మరో నిఘంటువే వేశాడు. మనుషులు ఏం మాట్లాడుతున్నారో తెలియాలన్నది అధికారికి ఉండే అవసరం. ఆ అవసరమే ఆయన వడపోతను వదులు చేసింది.

1852 తర్వాత ముప్పై మూడేళ్లకు, 1885లో, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వచ్చింది. దాని పాఠకుడు వేరు. కావ్యం చదివేవాడు, పద్యం రాసేవాడు, పరీక్షకు కూర్చునే విద్యార్థి. చిన్నయసూరి బాలవ్యాకరణం తెలుగు పదాలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించింది. సంస్కృత ప్రాకృతాలతో సమానంగా ఉన్నది తత్సమం, వాటి నుంచి మారి వచ్చింది తద్భవం, ఈ నేల మాట దేశ్యం. ఇవి మూడూ పుట్టుకను చెప్పే పేర్లు. గ్రామ్యం మాత్రం అలాంటిది కాదు, లక్షణవిరుద్ధమైన భాషకు పెట్టిన పేరు. అంటే అది తీర్పు. ఒకే పట్టికలో మూడు వివరాలూ ఒక తీర్పూ కలిసి కూర్చున్నాయి. "నిఘంటువులో లేదు" అన్న మాటకు ఇప్పటికీ ఉన్న పదునంతా ఆ నాలుగో గడి నుంచి వచ్చిందేనని నా అభిప్రాయం. బాలవ్యాకరణానికి పూరకంగా ప్రౌఢవ్యాకరణం రాసింది కూడా సీతారామాచార్యులే. కాబట్టి ఆయన నిఘంటువు వ్యాకరణం చెప్పిన దారిలోనే నడిచింది.

పిఠాపురం రాజా పోషణలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు వీటన్నింటికంటే పెద్ద ప్రయత్నం. మొదటి సంపుటం 1936లో వచ్చింది. ఎనిమిది సంపుటాలు పూర్తి కావడానికి దశాబ్దాలు పట్టింది. ఆ పనికి మూలస్తంభమైన జయంతి రామయ్య పంతులు, కావ్యాల భాషే రాతకు ప్రమాణమన్న గ్రాంథికవాదుల్లో ముందు వరసలోని వ్యక్తి. నిఘంటువు ప్రధానంగా కావ్య ప్రయోగాల మీద నిలిచింది. వ్యావహారిక భాషకు అందులో తగిన చోటు దక్కలేదని గిడుగు రామమూర్తి పక్షం వాదించింది.

ఈ తగవులో గ్రాంథికవాదుల్ని మూర్ఖులుగా చూపించడం ఇప్పుడు తేలికైంది కానీ, వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. మాట్లాడే భాష అన్నప్పుడు ఎవరు మాట్లాడేది? వేరుశనగ, పల్లీలు, బుడ్డలు ఒకే గింజకు పేర్లు. సొరకాయ, ఆనపకాయ ఒకటే. నాగలిని మడక అనే ప్రాంతాలున్నాయి. ప్రాంతానికొక మాట ఉన్నప్పుడు, కవిత్రయం నాటి నుంచి అందరూ చదువుతూ వచ్చిన భాషే ఉమ్మడి ఆస్తి కదా? ఆ ఉమ్మడి భాషకు ప్రమాణగ్రంథం ఒకటి ఉంటే వెయ్యేళ్ల సాహిత్యం చేయి జారదు కదా? ప్రయోగం చూపలేని మాటను చేర్చుకుంటూ పోతే నిఘంటుకారుడి చెవికి వినబడిందే భాష అవుతుంది కదా? ఇవి కొట్టిపారేయదగిన ప్రశ్నలు కావు.

వీటికి గిడుగు జీవితంలోనే ఒక జవాబు ఉంది. ఆయన తెలుగు కోసం పోట్లాడుతూనే సవర భాషను నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చాడు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. సవరకు కావ్యాలు లేవు, పూర్వకవి ప్రయోగాలు లేవు. ఉన్నదల్లా మాట్లాడే మనుషులు. వాళ్ల నోటి మాటే ప్రయోగం. లిఖిత సాహిత్యం లేని భాషకు అలా నిఘంటువు రాయవచ్చని చేసి చూపించిన మనిషికి, లక్షలమంది మాట్లాడే తెలుగు మాటకు పద్యపాదం సాక్ష్యం కావాలనడం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత రెండు దారుల్లోనూ పని జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను జిల్లాల్లో తిరిగి సేకరించి, ఏ మాట ఎక్కడ వినబడుతుందో చెప్పింది. ఉమ్మడి భాష ఏది అన్న ప్రశ్నను అది పక్కకు నెట్టలేదు. ఏ మాట ఎంత మేర ఉమ్మడిదో చూపింది. రెండో దారిలో రవ్వా శ్రీహరి సూర్యరాయాంధ్రం వదిలేసిన మాటలతో 2004లో శ్రీహరి నిఘంటువు తెచ్చారు. అన్నింటికంటే పెద్ద నిఘంటువు వదిలేసిన మాటలు మరో నిఘంటువుకు సరిపడా ఉన్నాయంటే, "అందులో లేదు" అన్న వాదన ఎంత వరకు నిలబడుతుందో చూడవచ్చు.

బెంగకూ దిగులుకూ తేడా ఎక్కడ రాసి ఉంది

మాట లోపలికి వచ్చాక దానికి అర్థం రాయాలి. మన నిఘంటువుల అసలు బలహీనత ఇక్కడ ఉంది. దీని మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

పాత నిఘంటువుల్లో చెట్టు పేరు వెతికితే "వృక్షవిశేషము" అని, పక్షి పేరు వెతికితే "పక్షివిశేషము" అని కనిపించడం మామూలే. అంటే అదొక చెట్టు, అదొక పక్షి. ఏ చెట్టో, ఏ రంగు పక్షో చెప్పరు. తెలిసినవాడికి చెప్పనక్కర్లేదు, తెలియనివాడికి చెప్పినా ఒకటేనన్న ధోరణి అది. పద్య నిఘంటువుల వారసత్వం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. పేర్లు ఇచ్చే చోట అర్థం ఇచ్చే అలవాటు ఆలస్యంగా వచ్చింది.

రెండో అలవాటు పర్యాయపదాన్నే అర్థంగా ఇవ్వడం. దుఃఖానికి శోకమని, శోకానికి దుఃఖమని రాస్తే రెండూ తెలియనివాడు గుండ్రంగా తిరుగుతూ ఉంటాడు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. పర్యాయపదాలు నిజంగా ఒకటే అయినట్టు చదివేవాడు నమ్ముతాడు.

బెంగ, దిగులు, దుఃఖం, బాధ తీసుకుందాం. నాలుగింటికీ కలిపి 'విచారం' అని రాసేస్తే తప్పు అనలేం. వాక్యాల్లో పెట్టి చూద్దాం. హాస్టల్లో చేరిన పిల్లవాడు అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడు. ఇక్కడ బెంగ తీసి దుఃఖం పెడితే వాక్యం కుదరదు. బెంగకు ఎదురుగా లేని మనిషో ఊరో కావాలి, 'మీద' అన్న మాట కావాలి. రేపటి పరీక్ష తలచుకుంటే దిగులుగా ఉంది. దిగులు చూపు ఎక్కువగా రాబోయేదాని వైపు. పరీక్ష మీద బెంగ పెట్టుకున్నానని మామూలుగా అనం. దుఃఖం పొంగుతుంది, ముంచుకొస్తుంది. బెంగ పొంగదు, మనిషిని లోపల్నుంచి చిక్కిపోయేలా చేస్తుంది. బాధ వీటన్నింటికంటే విశాలం. పంటికి బాధ ఉంటుంది, దిగులు ఉండదు.

తెలుగు వచ్చినవారికి ఇదంతా ఎవరూ నేర్పలేదు. ఎవరినైనా ఆపి ఈ తేడా ఏమిటని అడిగితే వెంటనే చెప్పలేరు కూడా. కానీ వాక్యంలో తప్పుగా వాడితే చెవి పట్టేస్తుంది. మాటకు అర్థం అంటే పక్కన రాసిన ఇంకో మాట మాత్రమే కాదు, ఆ మాట ఏ మాటల పక్కన నిలుస్తుంది, ఏ క్రియతో పొసగుతుంది, ఎవరి గురించి అంటాం, ఎప్పుడు అనం అన్నదంతా కూడా. దాన్ని కాగితం మీద పెట్టాలంటే పర్యాయపదాలు చాలవు. ఉదాహరణ వాక్యాలు కావాలి, అవి కావ్యాల్లోంచే కాక ఇళ్లలోంచి, బస్సుల్లోంచి, ఉత్తరాల్లోంచి రావాలి. 1991లో వెలువడిన జె.పి.ఎల్. గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు ఆధునిక తెలుగును ఆధారంగా పెట్టుకుంది కాబట్టి నేటి వాడుకకు దగ్గరగా ఉంటుంది. కానీ అది అర్థం చెప్పేది ఇంగ్లీషులో. తెలుగు మాటకు తెలుగులోనే, వాడుక వాక్యాలతో, ఇంత నాణ్యంగా అర్థం చెప్పే పని జరగాల్సినంత జరగలేదు.

'అసలు అర్థం' అనే చిక్కు

వాదనల్లో వచ్చే రెండో వాక్యం "దాని అసలు అర్థం వేరు". మాట పుట్టినప్పటి అర్థమే నిజమైనదని, తర్వాత వచ్చినవి చెడిపోయిన రూపాలని దాని వెనక ఉన్న భావన. దీన్ని కొన్ని మాటల మీద పరీక్షిద్దాం.

ఉద్యోగం అంటే సంస్కృతంలో ప్రయత్నం, పూనిక. భారతంలో ఉద్యోగపర్వం యుద్ధానికి జరిగిన సన్నాహాల కథ. అందులో ఎవరికీ నెల జీతం రాదు. మనకేమో ఉద్యోగం అంటే జీతమే ముందు గుర్తుకొస్తుంది. 'అసలు అర్థం' పట్టుకుంటే, నిరుద్యోగి అంటే ఏ ప్రయత్నమూ చేయనివాడు కావాలి. పని కోసం ఏళ్లుగా ప్రయత్నిస్తున్నవాడితో ఆ మాట అని చూడండి.

సభికుడు సంస్కృతంలో జూదశాల నడిపేవాడు. ఇప్పుడు వక్త "సభికులారా" అంటే జనం చప్పట్లు కొడతారు. ఛాందసుడు ఒకప్పుడు వేదం చదువుకున్నవాడు, ఇప్పుడు కాలం మారినా మారనివాడు. చీర ఒకప్పుడు ఆడా మగా తేడా లేకుండా వస్త్రం. 'నారచీరలు' అన్న మాటలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. నూనె మొదట నువ్వులదే. ఇప్పుడు కొబ్బరినూనె, వేపనూనె అంటున్నాం, ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు. చెంబు రాగిది. తమిళంలో చెంబు అంటే రాగి అన్న అర్థం నేటికీ ఉంది. మన ఇళ్లలో మాత్రం స్టీలు చెంబు ఉంటుంది. కంపు కన్నడంలో ఇప్పటికీ పరిమళమే.

వీటికి భాషాశాస్త్రంలో పేర్లున్నాయి. చీరలా పరిధి కుదించుకుంటే అర్థసంకోచం, నూనెలా విస్తరిస్తే అర్థవ్యాకోచం. సభికుడిలా గౌరవం పెరిగితే అర్థోత్కర్ష, ఛాందసుడిలా తరిగితే అర్థాపకర్ష. డిగ్రీ తెలుగు పుస్తకాల్లో ఇవన్నీ ఉంటాయి. పరీక్ష రాసి వచ్చాక మాత్రం మనమే మళ్లీ 'అసలు అర్థం' కోసం పోట్లాడుతుంటాం.

పుట్టుక తెలుసుకోవడం వృథా అని కాదు. పాత పద్యం చదివేవాడికి పాత అర్థం తెలియకపోతే పద్యం తలకిందులవుతుంది. తిక్కన రాసిన ఉద్యోగపర్వాన్ని కొలువుల పర్వంగా చదవలేం. పొరుగు భాషతో వ్యవహరించేటప్పుడు కూడా అది పనికొస్తుంది. హిందీలో శిక్ష అంటే చదువు, మనకు దండన. హిందీలో ఉపన్యాసం అంటే నవల, మనకు ప్రసంగం. అనుమానం అంటే తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం, మన ఇంట్లో సందేహం. మూలం ఒకటే అయినా ఏ భాష తెచ్చుకున్న అర్థం దానిది. ఇందులో ఏది తప్పు అని అడగడానికి వీల్లేదు.

తమలపాకు కూరగాయేనా?

మాట అర్థం మీద డబ్బు ఆధారపడినప్పుడు వాదన కోర్టుకు వెళుతుంది. అలాంటి రెండు కేసులు నిఘంటువు పరిధిని చాలా స్పష్టంగా చూపిస్తాయి.

మొదటిది అమెరికాది. 1883 నాటి సుంకాల చట్టం దిగుమతి అయ్యే కూరగాయల మీద పన్ను వేసింది, పండ్లను వదిలేసింది. న్యూయార్క్ రేవులో టమాటాల మీద పన్ను కట్టించుకుంటే దిగుమతిదారు నిక్స్ కోర్టుకెళ్లాడు. వృక్షశాస్త్రం ప్రకారం టమాటా పండే. విచారణలో రెండు వైపుల న్యాయవాదులూ నిఘంటువులు చదివి వినిపించారు. 1893లో అమెరికా సుప్రీంకోర్టు టమాటాను కూరగాయగా తేల్చింది. జనం దాన్ని భోజనంలో కూరలా తింటారు, చివర్లో పండులా తినరన్నది కారణం. నిఘంటువుల గురించి కోర్టు చెప్పింది ఇంకా ఆసక్తికరం. అవి సాక్ష్యం కావని, న్యాయమూర్తుల జ్ఞాపకానికీ అవగాహనకూ తోడు మాత్రమేనని అంది.

రెండోది మన దేశంలోది, అకోలా తమలపాకు వ్యాపారులది. మధ్యపరగణాలు, బేరారు అమ్మకం పన్ను చట్టంలో కూరగాయలకు మినహాయింపు ఉండేది. తమలపాకులకు మొదట విడిగా ఉన్న మినహాయింపును తర్వాత తీసేశారు. తమలపాకు మొక్క నుంచే వస్తుంది, ఇంగ్లీషు నిఘంటువు ప్రకారం మొక్కకు సంబంధించినదంతా ఆ చట్టంలోని 'వెజిటబుల్స్' అన్న మాట పరిధిలోకి వస్తుంది, కాబట్టి పన్ను లేదన్నది వ్యాపారుల వాదన. 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నిఘంటువు చెప్పే విస్తృతార్థమూ, వృక్షశాస్త్రం చెప్పే అర్థమూ ఇక్కడ పనికిరావని, రోజువారీ వాడుకలో కూరగాయ అంటే ఏమని జనం అనుకుంటారో అదే కొలత అని చెప్పింది. కూరగాయలు తెమ్మని సంచి ఇచ్చి పంపితే తమలపాకుల కట్టతో తిరిగొచ్చినవాడికి ఇంట్లో ఏం జరుగుతుందో న్యాయమూర్తులు తీర్పులో రాయలేదు గానీ, తర్కం అదే.

ఈ తీర్పులకు ఎదురు వాదన కూడా ఉంది. జనవాడుక అంటే ఎవరి వాడుక? న్యాయమూర్తి ఇంటి వాడుకా? నిఘంటువు కనీసం అచ్చులో ఉంది, ఇద్దరూ చూడగలరు, కేసు వచ్చాక మార్చలేరు. వాడుక పేరుతో తీర్పరి తన అభిప్రాయాన్నే అర్థంగా రాసే ప్రమాదం ఉంది. అందుకే కోర్టులు నిఘంటువుల్ని వదిలేయలేదు. చట్టం తనే నిర్వచనం ఇవ్వని చోట ఇప్పటికీ తెరుస్తూనే ఉంటాయి.

రైలు, బాల్చీ, చరవాణి

కొత్త మాటల సంగతి త్వరగా చూద్దాం, ఎందుకంటే ఇక్కడ శబ్దం ఎక్కువ, సరుకు తక్కువ. బాల్చీ, బొత్తాం, అలమార, మేస్త్రి పోర్చుగీసు నుంచి వచ్చాయి. జవాబు, ఖర్చు, దస్తావేజు పారసీ, ఉర్దూల మీదుగా వచ్చాయి. వాటిని పరాయివని ఎవరూ గుర్తుపట్టరు. రైలు వచ్చిన కొత్తలో ధూమశకటం అన్నారు. ఆ మాట ఇప్పుడు హాస్యానికే పనికొస్తుంది. సెల్‌ఫోనుకు కల్పించిన చరవాణి పత్రికల్లో, సాహిత్య సభల్లో కనిపిస్తుంది, ఇంట్లో వినబడదు.

దీన్ని నిఘంటువులో చేర్చాలా? చేర్చాలనేవారు అచ్చులో ఉన్నదాన్ని నమోదు చేయడమే నిఘంటువు పని అంటారు. నిఘంటువులో ఉంటేనే మాట నిలదొక్కుకుంటుందని ఇంకొందరి ఆశ. వద్దనేవారు జనం నోట నలగని మాటకు ఆరోపం ఇస్తే అది కోరికల జాబితా అవుతుందంటారు. విచిత్రం ఏమిటంటే, ఫోను అన్న మాటను చేర్చే విషయంలో ఇవే రెండు పక్షాలు తమ వాదనలు మార్చుకుంటాయి. చరవాణికి అచ్చు చాలన్నవారికి ఫోనుకు కోట్ల నోళ్లు చాలవు. అమెరికాలో 1961లో వచ్చిన వెబ్‌స్టర్ మూడో పెద్ద నిఘంటువు మీద కూడా పత్రికలు ఇలాగే విరుచుకుపడ్డాయి. మొరటు మాటల్ని మందలించకుండా నమోదు చేసిందన్నది దాని నేరం.

ఒకే తెరపై అన్ని కాలాలు

ఇప్పుడు ఈ నిఘంటువుల్లో చాలా వాటిని ఫోనులోనే చూడవచ్చు. ఆంధ్రభారతి లాంటి వెబ్‌సైటులో మాట కొడితే అనేక నిఘంటువుల ఫలితాలు వరసగా వస్తాయి. ఇంతకుముందు పెద్ద గ్రంథాలయాలకే పరిమితమైన సంపద అది, ఎంత మెచ్చుకున్నా తక్కువే.

దానితోపాటు ఒక కొత్త చిక్కు వచ్చింది. పుస్తకం చేతిలో ఉన్నప్పుడు అట్ట, ముద్రణ సంవత్సరం, పసుపెక్కిన కాగితం దాని వయసు చెప్పేవి. తెర మీద శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం, గ్విన్ ఒకే రకం అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. నూరేళ్లకు పైగా ఎడం ఉన్న అర్థాలు ఒకే మాటకు ఇప్పుడున్న అర్థాల్లా తోస్తాయి. ఎవరికి కావాల్సిన దాన్ని వాళ్లు ఏరుకుని, పైనా కిందా ఉన్నవి కత్తిరించి, వాదనలోకి విసురుతారు.

బ్రౌన్ పేరుతో ఇది మరీ ఎక్కువగా జరుగుతుంది. "బ్రౌన్ 1852లోనే ఈ అర్థం ఇచ్చాడు" అని చూపించే వాక్యం చాలాసార్లు 1852 నాటిది కాకపోవచ్చు. నెట్‌లో విస్తృతంగా దొరికే పాఠం 1903లో సవరించి వేసిన రెండో ముద్రణది. సవరించినవారిలో కందుకూరి వీరేశలింగం ఒకరు. బ్రౌన్ 1884లోనే కన్నుమూశాడు. కాబట్టి ఆ అర్థం బ్రౌన్ రాసిందో, ఆయన పోయిన పందొమ్మిదేళ్లకు ఇంకొకరు చేర్చిందో తేల్చాలంటే మొదటి ముద్రణ ప్రతిని పక్కన పెట్టుకుని పోల్చి చూడాల్సిందే.